అరవై నాలుగో నంబరు జీవి

మా కలువపర్రు పురపాలక సంఘానికి చిత్తడి నేలల మీద ప్రేమ పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. జూన్ పదమూడు, ఉదయం పదకొండున్నర. ఆ ప్రేమ తపాలాలో వచ్చింది. కవరు చింపి, ముద్ర వేసి, దానికి ఇన్‌వార్డు నంబరు ఇచ్చింది నేనే.

అంతకు ముందు రోజు వరకూ ఊరికి తూర్పున ఉన్న పర్రని మేం ఉత్తి పర్ర అనేవాళ్లం. నూట ఎనభై ఎకరాల బురద, నీళ్లు, తుంగ, కొంగలు. పెళ్లి భోజనాల ఎంగిలాకులు, పగిలిన కమోడ్లు, ఓడిపోయిన అభ్యర్థుల ఫ్లెక్సీలు తీసుకెళ్లి అందులోనే పడేసేవాళ్లం. ఉత్తర్వు వచ్చిన మర్నాటికి అది 'పరిరక్షిత చిత్తడి నేల' అయిపోయింది. చైర్మన్ గారు గట్టు మీద నిలబడి కళ్లు ఒత్తుకుంటూ ఫొటో దిగారు. బడిపిల్లలకి వ్యాసరచన పోటీ పెట్టారు. మహిళా మండలి వారు చిత్తడి నేల ఆకారంలో ముగ్గు వేసి మొదటి బహుమతి కొట్టేశారు. చిత్తడి నేలకి ఆకారం ఏమిటని న్యాయనిర్ణేతలు కూడా అడగలేదు.

ఇంత ప్రేమకి కారణం లేకపోలేదు. పర్రని ఆనుకుని, నిజం చెప్పాలంటే పర్రలోకి కాస్త దిగి, 'జలవిహార్' అనే పేరుతో రెండు వందల పన్నెండు ఇళ్ల స్థలాల లేఅవుటు వేశారు మావాళ్లు. కొత్త రూలు ప్రకారం, పక్కనున్న చిత్తడి నేలని ముందు కాపాడితేనే లేఅవుటుకి అనుమతి వస్తుంది. కాపాడడం ఎలాగో ఉత్తర్వులో వివరంగా రాశారు. హద్దురాళ్ల లోపలికి మనుషులెవరూ ఏ కారణం చేతా అడుగుపెట్టకూడదు. ఆ నేల మీద ఆధారపడి బతికే జీవులన్నిటినీ 'అనుబంధం ఖ' అనే పట్టికలో నమోదు చేయాలి. పట్టికలోకెక్కిన జీవి రాకపోకలకి అడ్డు చెప్పకూడదు. దాన్ని ఆవాసం నుంచి కదల్చకూడదు. ఆవాసానికి రెండు వందల మీటర్ల లోపల ఇటుక మీద ఇటుక పెట్టకూడదు.

రూలు బాగానే ఉంది. అది మా విశ్వంభరం గారి చేతిలో పడింది.

విశ్వంభరం గారు మా పట్టణ ప్రణాళికాధికారి. పదకొండేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను. మామూలు మాట ఒక్కటి ఆయన నోట వినలేదు. దాహం వేస్తే "జలసరఫరా అంశం పరిశీలించండి" అంటారు. తుమ్ము వస్తే కూడా ముందు ఒక ప్రకటన చేస్తారు. జలవిహార్‌లో పద్నాలుగో నంబరు స్థలం ఆయనదే. తూర్పు మూల. మేడ మీద నిలబడితే కొంగలు కనిపిస్తాయట. అక్కడ వేయబోయే ఊయలబల్ల ఏ చెక్కతో చేయించాలో రోజూ మధ్యాహ్నం మా అందరితో చర్చించేవారు.

నేను ఆ విభాగంలో జూనియర్ అసిస్టెంటుని. పేరు కృపానందం. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పేరు. నాకు జరిగిన మంచీ, నా వల్ల జరిగిన చెడూ రెండూ ఆ దస్తూరీ వల్లనే.

కంచె స్తంభాలు దిగిన వారం పేరంటాలమ్మ మా ఆఫీసుకి వచ్చింది. పర్ర తూర్పు గట్టు మీద తాటాకు గుడిసెలో ఉంటుంది. యాభై అయిదేళ్ల మనిషి. తుంగ కోసి, ఎండబెట్టి, చాపలు అల్లి అమ్ముతుంది. ఊళ్లో అలా బతికే కుటుంబాలు ఇంకో పది ఉన్నాయి. కలువపర్రులో ఆవిడ అల్లిన చాప మీద పడుకోని ఇల్లు లేదు. ఇప్పుడు కంచె వేస్తే తుంగ లేదు. లేఅవుటుకి అరవై అడుగుల రోడ్డు వేస్తే గుడిసె లేదు. ఆ రెండూ పోతే ఆవిడకి మిగిలేది కొడవలి ఒక్కటే.

"బాబుగారండీ, పర్ర సుట్టూ కంచె ఏత్తన్నారంట. మరి మేం తుంగ ఎలా కోసుకోవాలండి?" అంది, గుమ్మం దగ్గరే నిలబడి.

విశ్వంభరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, మీ విజ్ఞప్తిలోని ఆవేదనను ఈ కార్యాలయం సానుభూతితో గమనించింది. అయితే మౌలికమైన సాంకేతిక అవరోధం ఒకటి ఉన్నది. మీరు మానవులు."

పేరంటాలమ్మ నా వైపు చూసింది. "ఏమంటన్నారు బాబూ?"

"నువ్వు మనిషివి అంటున్నారు."

"అవునండి" అంది ఆవిడ భయపడుతూ.

"అదే ప్రతిబంధకం" అన్నారు విశ్వంభరం గారు. "తమరే అంగీకరించినందున తదుపరి విచారణ అనావశ్యకం."

అయినా ఆవిడ ఊరుకోలేదు. వారానికొకటీ రెండూ చొప్పున పదకొండు అర్జీలు పెట్టింది. పదకొండింటికీ జవాబు వెళ్లింది. 'మీరు మానవ జాతికి చెందినవారని మీరే అంగీకరించినందున మీ అర్జీ తిరస్కరించడమైనది.' కింద ఆయన సంతకం, పైన నా ముత్యాలు. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. పదకొండు సార్లు రాసినా ఒక్క అక్షరం వంకర పోలేదు.

ఆగస్టులో ఉమ్మడి తనిఖీ పెట్టారు. ఎనిమిది శాఖల అధికారులు నాలుగు జీపుల్లో వచ్చారు. అటవీ, మత్స్య, పశుసంవర్ధక, వ్యవసాయ, నీటిపారుదల, రెవెన్యూ, మేము, విద్యాశాఖ. విద్యాశాఖ ఆయన ఎందుకొచ్చారో ఆయనకీ తెలియదు. జీపులో చోటుందంటే ఎక్కారట. ఎనిమిది మంది సంతకాలు ఉంటేనే పట్టిక చెల్లుతుందని రూలు కాబట్టి, ఆయన్ని దింపేయడానికి కూడా వీల్లేకపోయింది.

గట్టు మీద గొడుగుల కింద కుర్చీలు వేశారు. నేను ఒళ్లో అట్ట పెట్టుకుని పట్టిక రాస్తున్నాను. జీవి పేరు, సంఖ్య, ఆవాసం, ఆహారం, రాకపోకల వేళలు, అరుపు, నేలకు దాని వల్ల ఉపయోగం. ఏడు గడులు. లేఅవుటుకి దూరంగా ఉండాలని, ఆవాసం గడిలో అన్నిటికీ 'పర్ర నడిమధ్య' అని రాయమన్నారు విశ్వంభరం గారు. ఏ శాఖ వారు ఆ శాఖ జీవుల కోసం పట్టుబట్టారు. మత్స్యశాఖ ఆయన పదిహేను రకాల చేపలు చెప్పి, కొర్రమీనుని రెండుసార్లు చెప్పారు. పశుసంవర్ధక శాఖావిడ నాలుగు గేదెలని కూడా రాయమన్నారు. అవి అటుగా పోతూ కాసేపు నీళ్లలో దిగాయంతే. కప్పల దగ్గర పెద్ద చర్చ జరిగింది. రెండు వందలు అని రాస్తే లెక్కపెట్టలేదని తెలిసిపోతుందని, రెండు వందల పద్దెనిమిది అని తీర్మానించారు.

అరవై మూడు దగ్గర ఆగాం. అప్పటిదాకా కొడవలి పట్టుకుని గట్టు కింద నిలబడి చూస్తున్న పేరంటాలమ్మ దగ్గరికి వచ్చింది.

"ఏం రాత్తన్నారండి?"

"పర్ర మీద బతికే జీవుల పేర్లు" అన్నాను.

"కొంగలు రాసేరా?"

"రాశాం."

"నీటికోళ్లు?"

"రాశాం."

"నీరుకట్టు పావులు?"

"అవీ రాశాం."

"మరి నన్ను రాయలేదేటండి?" అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. "నేనూ దీని మీదే కదండీ బతికేది. కొంగ పొద్దుటే వొచ్చి సేపలేరుకుని పోద్ది. నేనూ పొద్దుటే వొచ్చి తుంగ కోసుకుని పోతాను. కొంగ ఎండాకాలం వొచ్చిందంటే సెప్పాపెట్టకుండా ఎల్లిపోద్ది. నేనెక్కడికీ పోలేదు గదండీ ముప్పై ఏళ్ల బట్టీ."

విశ్వంభరం గారు అటు తిరిగి ఫోనులో మాట్లాడుతున్నారు. బిరియానీ వ్యాను దారి తప్పి శ్మశానం వైపు వెళ్లిందట. దాని విషయం చూస్తున్నారు. తనిఖీల్లో ఆయనకొక అలవాటుంది. వెనక ఎవరో ఏదో చెబుతున్నట్టు వినిపిస్తే తిరిగి చూడకుండా ఒకే మాట అంటారు. ఇప్పుడూ అన్నారు.

"సమంజసమైన అంశం. నోట్ చేసుకో కృపానందం."

పై అధికారి నోట్ చేసుకోమంటే నోట్ చేసుకోవడం నా ఉద్యోగం. అలాగని అమాయకంగా రాశానని మాత్రం చెప్పను. పదకొండు తిరస్కారాలు నా చేత్తో రాశాను. పన్నెండో కాగితం ఇంకోలా రాయాలని అనిపించింది, రాసేశాను.

'64. పేరంటాలు. సంఖ్య: నాలుగు (భర్త, కొడుకు, కోడలితో కలిపి). ఆవాసం: తూర్పు గట్టు, తాటాకు గూడు. ఆహారం: అన్నం, చిన్నచేపల పులుసు. రాకపోకలు: ఉదయం ఆరు, సాయంత్రం అయిదు. అరుపు: అవసరమైనప్పుడు. ఉపయోగం: తుంగ మితిమీరి పెరగకుండా చూచుట.'

అంతలో వ్యాను వచ్చింది. బిరియానీ చల్లారిపోతుందన్న తొందరలో ఎనిమిది మందీ ఎనిమిది సంతకాలు పెట్టేసి లేచారు. విద్యాశాఖ ఆయన అందరికంటే పెద్ద సంతకం పెట్టారు.

పట్టిక రాజధానికి వెళ్లింది. అక్కడ వాళ్లు పేర్లు చదవలేదు, చివరి నంబరు చూశారు. పక్క జిల్లా పట్టిక అరవై మూడు దగ్గర ఆగిందట. మాది అరవై నాలుగు. జీవవైవిధ్యంలో కలువపర్రుకి ప్రథమ స్థానం అని ప్రకటించి, పట్టిక యథాతథంగా గెజెట్‌లో అచ్చేశారు. చైర్మన్ గారు మళ్లీ గట్టు మీదికి వెళ్లి కళ్లు ఒత్తుకున్నారు.

కంచెకి గేటు పెట్టి ఎర్రియ్య అనే కాపలాదారుని వేశారు. మొదటి రోజే పేరంటాలమ్మ కొడవలితో వచ్చింది.

"మనుషులు లోపలికి పోకూడదమ్మా" అన్నాడు ఎర్రియ్య.

"నీ దగ్గర కాయితం ఉంటాది గదా, సూడు బాబూ."

ఎర్రియ్య గెజెట్ తీసి వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చాడు. ముంగిస, ఉడుము, అరవై నాలుగు. "పేరంటాలు నువ్వేనా?"

"నేనే."

"అయితే ఎల్లమ్మా, ఎల్లు. నిన్నాపితే నన్ను లోపలేత్తారు" అని గేటు బార్లా తీశాడు. ఆవిడ వెనక భర్త, కొడుకు, కోడలు వెళ్లారు. నలుగురినీ లెక్కపెట్టుకుని గేటు వేశాడు. పది నిమిషాల తర్వాత విశ్వంభరం గారు పక్షులని చూద్దామని సకుటుంబంగా వచ్చారు. ఎర్రియ్య లేచి నిలబడి సెల్యూట్ కొట్టి, "తమరి నెంబరెంతండి?" అని అడిగాడు.

ఆయన అప్పుడు మొదటిసారి పట్టిక చదివారు.

ఆ మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచారు. "కృపానందం, ఇది అనౌచిత్యం. ఇది అపభ్రంశం. ఇది..." అని మూడో మాట కోసం చాలాసేపు వెతికారు.

"మీరే నోట్ చేసుకోమన్నారు సార్."

"తక్షణమే తొలగింపు చర్య చేపట్టు."

"ఎనిమిది మంది సంతకాలతో చేర్చినదాన్ని ఆ ఎనిమిది మంది సంతకాలతోనే తీసేయాలి సార్. రూలు."

సంతకాలకి బయల్దేరారు. మత్స్యశాఖ ఆయన రిటైరై కాశీ వెళ్లారు. రెవెన్యూ ఆయన బదిలీ మీద వెళ్లి, తాను ఎప్పుడూ కలువపర్రు రాలేదని రాసిచ్చారు. పశుసంవర్ధక శాఖావిడ అసలు ఒప్పుకోలేదు. "జాతుల సంఖ్య పడిపోయిందంటే ముందు నన్నడుగుతారండీ. ఏ రోగమొచ్చింది, టీకా ఎందుకేయలేదు అని. నా వల్ల కాదు" అన్నారు. పైగా ఒకటి తీసేస్తే పక్క జిల్లాతో సమానమైపోతాం. ఆ మాట వినగానే చైర్మన్ గారు విశ్వంభరం గారి వైపు చూసిన చూపు నేను చూశాను.

తర్వాత ఘట్టం వృత్తలేఖినితో జరిగింది. లేఅవుటు పటంలో పేరంటాలమ్మ గుడిసె మీద ముల్లు గుచ్చి, రెండు వందల మీటర్ల కొలతకి ఎర్ర పెన్సిలుతో గుండ్రంగా గీశాను. గీత లోపల ముప్పై ఎనిమిది స్థలాలు పడ్డాయి. అరవై అడుగుల రోడ్డు పడింది. పిల్లల పార్కు పడింది. పద్నాలుగో నంబరు సరిగ్గా ముల్లు పక్కనే పడింది.

"ఒక్క గుడిసె నిమిత్తం ముప్పై ఎనిమిది స్థలములా?" అన్నారు విశ్వంభరం గారు నీరసంగా.

"గుడిసె అనకూడదు సార్. పట్టికలో గూడు అని ఉంది."

గట్టు మీద పనిచేస్తున్న బుల్డోజరు ఆగిపోయింది. ఆవాసం దగ్గర శబ్దం చేయరాదని బోర్డు పెట్టారు. ఆ దారిన వెళ్లే ఆర్టీసీ బస్సు డ్రైవరు హారను మానేసి, తల బయటపెట్టి "జరగండమ్మా" అని మెల్లగా చెప్పుకుంటూ పోయేవాడు. గుడిసె ఎదురుగా పందిరేసి మైకు పెట్టిన పార్టీ వాళ్లకి నోటీసు వెళ్లింది. నలభై ఏళ్లలో మొదటిసారి మధ్యాహ్నం కునుకు పట్టిందని పేరంటాలమ్మ భర్త చెప్పాడు.

అక్టోబరులో రాజధాని నుంచి డాక్టర్ ఇందుశేఖర్ అనే నిపుణుడు దిగాడు. అరవై నాలుగు జాతుల్లో పనిముట్లు వాడేది ఇదొక్కటే అని తెలిసి ఎంతో ఉత్సాహంగా వచ్చాడు. ఆకుపచ్చ చొక్కా వేసుకుని, తుమ్మచెట్టు మీద మంచె కట్టించుకుని, దుర్భిణీతో నాలుగు రోజులు కూర్చున్నాడు. ఆయన రాసిన నివేదికకి శుద్ధప్రతి నేనే రాశాను కాబట్టి నాకు తెలుసు.

'6.04: కొడవలికి పదును. 6.20: నీటిలోకి దిగినది. పాత తుంగను మాత్రమే కోసి లేతదాన్ని వదులుచున్నది. గూళ్లున్న దుబ్బుల జోలికి పోవుట లేదు. 6.40: పరిశీలకుణ్ణి గుర్తించి, చెట్టు మీద చీమలుంటాయి దిగమని హెచ్చరించినది. 7.10: టీ ఇచ్చినది. స్నేహశీల జాతి.'

అయిదో రోజు ఆయన చిన్న అల్యూమినియం కడియంతో కిందికి దిగాడు. పట్టికలోని పెద్ద జీవుల కాలికి నంబరు కడియం వేయాలట.

"ఎండిదైతే ఏసుకుంటానండి" అంది పేరంటాలమ్మ. "ఈ సత్తుది నాకు పడదు, కురుపులెత్తుద్ది."

వెండి కడియం ఫైలు పైకి వెళ్లింది. ఇప్పటికీ పైనే ఉంది.

నవంబరులో పెద్ద గండం వచ్చింది. ఒక సోమవారం లెక్కింపులో అరవై నాలుగో నంబరు మూడే తేలింది. పేరంటాలమ్మ లేదు. జీవుల్ని విచారించే గడి పట్టికలో లేదు కాబట్టి మిగిలిన ముగ్గురినీ ఎవరూ అడగలేదు. అప్పటికి ఊళ్లోనే మకాం వేసిన ఇందుశేఖర్ పర్రంతా పడవలో తిరిగాడు. 'ప్రథమ స్థానానికి ముప్పు' అని రాజధాని నుంచి ఫోను. విశ్వంభరం గారికి సంజాయిషీ నోటీసు. పద్నాలుగో నంబరు స్థలం కోసం ఆయనే ఆ జీవిని తరిమేశారని జిల్లాలో పుకారు. ఆయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు పేరంటాలమ్మ ఆటోలోంచి దిగింది. వెనకే కూతురు, చేతిలో పదిహేను రోజుల పసిగుడ్డు.

"పురుడొచ్చింది బాబూ, అమ్మాయిని తీసుకొద్దావని ఎల్లేను. సెప్పి ఎల్లాలేటండి?"

ఇందుశేఖర్ దుర్భిణీ వదిలేసి గంతేశాడు. నాలుగు ఆరయ్యాయి. 'సంతతి వృద్ధి యాభై శాతం' అని ఆ రోజే తంతి లాంటి మెయిలు కొట్టాడు. రాష్ట్రంలో ఏ కొంగా సాధించని వృద్ధి అది. కలువపర్రుకి పురస్కారం ప్రకటించారు. పసిపిల్లతో ఫొటో దిగాలని చైర్మన్ గారు ముచ్చటపడ్డారు కానీ, పిల్లలున్న గూటికి రెండు వందల మీటర్ల దూరంలోనే నిలబడాలని ఇందుశేఖర్ ఆపేశాడు. ఫొటోలో చైర్మన్ గారు పెద్దగా పడ్డారు, గుడిసె చుక్కగా పడింది.

విశ్వంభరం గారు చివరి ప్రయత్నం చేశారు. 'మానవ పునర్వర్గీకరణ' అనే కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టి, నలభై పేజీల ప్రతిపాదన రాసి, రాష్ట్ర చిత్తడి నేలల సంచాలకురాలు వసుమతి గారిని కలువపర్రు రప్పించారు. ప్రతిపాదన సారాంశం ఇది. పేరంటాలమ్మని పట్టికలోంచి తీసి మళ్లీ మనుషుల్లో కలుపుతారు. మనిషిగా ఆవిడకి తుంగ కోసుకునే అనుమతి ఇస్తారు. ఏడాదికోసారి దరఖాస్తు పెట్టుకోవాలి, ఎనిమిది శాఖలు సంతకం పెట్టాలి. ఇల్లు మాత్రం నాలుగు కిలోమీటర్ల అవతల ఇస్తారు.

కౌన్సిల్ హాల్లో విచారణ జరిగింది. పేరంటాలమ్మకి కుర్చీ వేశారు, ఫ్యాను తిప్పారు, మంచినీళ్లు పెట్టారు. జీవిని భయపెట్టరాదని అందరం చెప్పులు బయట విడిచాం.

విశ్వంభరం గారు లేచారు. "గౌరవనీయ సంచాలకుల వారికి మనవి. ఒక మానవ మహిళను పక్షుల సరసన చేర్చడం మానవ గౌరవానికి తీరని కళంకం. ఆ గౌరవాన్ని పునఃప్రతిష్ఠించాలనే ఏకైక సంకల్పంతో..."

వసుమతి గారు చెయ్యెత్తి ఆపారు. నెమ్మదస్తురాలు.

"అమ్మా, మీరు చెప్పండి. కొంగల్లో, కప్పల్లో మీ పేరు రాశారు. మీకు అవమానంగా లేదా?"

పేరంటాలమ్మ కొంగు సర్దుకుంది. నా వైపు ఒకసారి చూసి, ఆవిడ వైపు తిరిగింది.

"నేనిదే ఆపీసుకి పదకొండు మాట్లు వొచ్చేనండి, మనిసిగా. ఒక్కమాటూ కుర్సీ ఎయ్యలేదు. గుమ్మంలో నిలబెట్టేరు. కాయితాలు ఇంటికొచ్చేవి, నువ్వు మనిసివి కాబట్టి నీకు లేదని. పక్కింటి పిల్లోడు సదివి ఇనిపిత్తే, మనిసై పుట్టడం తప్పేమో అనుకుని ఏడిసేనండి. కొంగల్లో రాసేక పట్నంలోంచి దొరలొచ్చి బాగున్నావా, తిన్నావా అని రాసుకుపోతన్నారు. కనపడకపోతే పడవేసుకుని ఎతికేరు. మా ఆయన కూడా నన్నెప్పుడూ అలా ఎతకలేదండి. అవమానం ఉందండి. ఎందుకు లేదు? అది ఎప్పుడు జరిగిందో మీరే సూసుకోండి."

వసుమతి గారు పదకొండు జవాబులూ తెప్పించి ఒక్కొక్కటే చదివారు. "ఈ దస్తూరీ ఎవరిది?" అన్నారు. లేచి నిలబడ్డాను. ఆవిడ పట్టికలో అరవై నాలుగో నంబరు కూడా చూశారు. అదే దస్తూరీ. నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది. నాకు ఏడుపొచ్చింది, తుమ్ము కింద సర్దుకున్నాను.

తర్వాత ఆవిడ అక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. పట్టిక యథాతథం. మిగిలిన పది చాపల కుటుంబాల్నీ అరవై అయిదు నుంచి డెబ్భై నాలుగు వరకూ చేర్చాలి. జలవిహార్ మొత్తం పర్ర వదిలి, ఊరికి పడమట మూతపడిన జనపనార మిల్లు మెరక మీదికి మారాలి. ఆ మెరక మీద చుక్క నీరు నిలవదని ఊళ్లో అందరికీ తెలుసు. ఇళ్లు కట్టడానికి ఎక్కడ బాగుంటుందని వాళ్లని ఎవరూ అడగలేదంతే.

మనుషులని మనుషులుగానే చేర్చే గడి పట్టికలో పెట్టాలని కూడా వసుమతి గారు పైకి రాశారు. దాని మీద ఉపసంఘం వేశారు. ఆ గడి వచ్చేదాకా పదకొండు కుటుంబాలూ ఉడుముకీ ఊసరవెల్లికీ కింద హాయిగా ఉంటాయి.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ జనవరిలో విశ్వంభరం గారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఏజెన్సీ కొండల్లోకి. అక్కడ ఇళ్లూ లేవు, ప్రణాళికా లేదు. ఆయన రెండు రోజులు తలుపు వేసుకుని రూళ్లు చదివారు. మూడో రోజు నన్ను పిలిచి, గొంతు తగ్గించి, పదకొండేళ్లలో మొదటిసారి మామూలు తెలుగు మాట్లాడారు.

"కృపానందం, పట్టికలో ఉన్నవాళ్లని కదల్చకూడదు కదా?"

"కదల్చకూడదు సార్."

"నేనూ ఆ పర్ర మీదే ఆధారపడ్డాను కదయ్యా. ఏడు నెలలుగా నా ఉద్యోగమంతా దాని మీదే. డెబ్భై అయిదులో నన్నూ రాసెయ్యి."

జాలేసింది. ఇద్దరం కలిసి పర్రకి వెళ్లాం. కొత్త జీవిని చేర్చాలంటే అక్కడున్న జీవులతో సరిపడుతుందో లేదో చూడాలని ఇందుశేఖర్ రూలు పెట్టాడు. ఆ విషయంలో పేరంటాలమ్మ మాటే ఆయనకి ప్రమాణం.

విశ్వంభరం గారు గట్టు మీద చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డారు. సంగతి విని ఆవిడ నవ్వలేదు. ఒక కొడవలి తీసి ఆయన చేతికిచ్చి, "దిగండి బాబూ. పాతది కొయ్యండి, లేతది వదిలెయ్యండి" అంది.

ఆయన ప్యాంటు మడిచి దిగారు. మొదటి అడుగుకి మోకాలు దాకా, రెండో అడుగుకి తొడల దాకా కూరుకుపోయారు. లేత తుంగ కోశారు. గూడున్న దుబ్బు తొక్కారు. నీటికోడి ఒకటి మీదికొచ్చింది. పిక్కకి జలగ పట్టేసరికి పెట్టిన కేకకి పర్రలో ఉన్న కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పేరంటాలమ్మే దిగి, రెక్క పట్టుకుని పైకి లాగి, కాలికి సున్నం రాసి, గుడిసె ముందు కొత్త చాప పరిచి కూర్చోబెట్టి, వేడిగా టీ ఇచ్చింది.

నేను పట్టిక తెరిచి, పెన్ను మూత తీసి ఆవిడ వైపు చూశాను.

ఆవిడ విశ్వంభరం గారిని పైనుంచి కింది దాకా నిదానంగా చూసి, తల అడ్డంగా ఊపింది.

"రాయకండి బాబూ. పాపం, ఈయన ఇక్కడ బతకడు."